ఏడు నిమిషాలకు పదకొండు పేజీల సంజాయిషీ

నా అలమరలో ముప్పై ఒక్క డైరీలు ఉన్నాయి. బస్సు డ్రైవరుగా చేరిన ఏడాది నుంచి రిటైరైన ఏడాది వరకు, ఏడాదికొకటి. మొదటి నాలుగైదింటిలో నేను ఉంటాను. పెళ్ళిచూపులు, పిల్లల జ్వరాలు, మా ఆవిడ పుట్టింటికి వెళ్ళిన తేదీ, తిరిగి వచ్చిన తేదీ. ఆ తరవాతి డైరీల్లో నేను పెద్దగా కనబడను. రోడ్డు మీద నా ముందూ వెనకా పక్కనా బండ్లు నడిపిన జనం కనబడతారు. ఎవరు ఏ తప్పు చేశారు, ఎక్కడ, ఎన్ని గంటలకు, బండి నంబరు ఎంత, అన్నీ ఉంటాయి.

మొన్న మా డిపోలో కొత్తగా చేరిన డ్రైవర్లు ఇద్దరు ఇంటికి వచ్చారు. "మీ అనుభవాలు ఏవన్నా రాసిపెట్టండి సార్, మాకు పనికొస్తాయి" అన్నారు. అనుభవాలంటే బ్రేకులు ఫెయిలైన బస్సును చాకచక్యంగా ఆపిన కథలు కావాలనుకుంటాను. అలాంటివి నాకు లేవు. నా బ్రేకులు ఎప్పుడూ పనిచేశాయి. నా దగ్గర ఉన్నదల్లా ఒక మెమో కథ. తలుచుకుంటే ఇప్పటికీ ఒక్కణ్ణే కూర్చుని నవ్వుకుంటాను. మా ఆవిడ వంటింట్లోంచి తొంగి చూసి, "మళ్ళీ ఆ ఆటోల సంగతేనా" అని వెళ్ళిపోతుంది.

అప్పటికి నేను రిటైరవడానికి ఇంకా ఏడాదిన్నర ఉంది. విజయవాడ బస్టాండు నుంచి మైలవరానికి పొద్దున్న ఎనిమిదీ పదికి బయల్దేరే బస్సు నాది. వన్‌టౌన్ లోంచి భవానీపురం, గొల్లపూడి, ఇబ్రహీంపట్నం, కొండపల్లి మీదుగా వెళ్ళేది. తొమ్మిదేళ్ళు అదే రూటు, అదే ట్రిప్పు. బస్టాండులో ఎనిమిదీ పదికి కచ్చితంగా కదిలేవాణ్ణి. గొల్లపూడికి మాత్రం చార్టులో ఉన్నదానికంటే ఏడు నిమిషాలు ఆలస్యంగా చేరేవాణ్ణి. ఎనిమిది కాదు, ఆరు కాదు. ఆ తరవాత హైవే కాబట్టి ఆ ఏడూ అలాగే మైలవరం దాకా వచ్చేవి.

ఆ ఏడు నిమిషాలూ వన్‌టౌన్‌లో పోయేవి. అక్కడి రోడ్డు అసలు వెడల్పు ఎంతో మున్సిపాలిటీ వాళ్ళకు తెలియాలి. వాడుకోవడానికి మనకు దొరికేది ఒక బస్సూ ఒక తోపుడుబండీ పక్కపక్కన పట్టేంత. అందులోనే సరుకు దించే లారీ, ఎక్కించుకునే ఆటో, బేరమాడే మనిషి, వీళ్ళ ముగ్గురి మధ్యలోంచి దూరే బైకు.

ఆ జనాన్ని నేను రకాలుగా విడదీసి, ఒక్కో రకానికి పేరు పెట్టుకున్నాను. "ఒక్క నిమిషం" అనేది ఒక రకం. ఇందులో పెద్దాయన ఒక పప్పుల వ్యాపారి. రోజూ టిఫిన్ సెంటరు ఎదురుగా రోడ్డు మధ్యలో తన తెల్ల కారు ఆపి, నాలుగు ఇండికేటర్లూ వెలిగించి లోపలికి వెళ్ళేవాడు. ఆ నాలుగు దీపాలు వెలిగితే కారు అక్కడ లేనట్టేనని ఆయన నమ్మకం. హారన్ కొడితే చేతిలో ప్లేటుతో గుమ్మంలోకి వచ్చి, "ఒక్క నిమిషమండీ, చట్నీ వేస్తున్నాడు" అనేవాడు. చట్నీ తరవాత సాంబారు ఉండేది.

ఇంకో రకం "కాలు ఇండికేటర్". ఇది పూర్తిగా ఆటోలవాళ్ళది. ఎటు తిరగదలిస్తే అటువైపు కాలు బయటికి చాపుతారు. పాదం మెల్లగా ఊగితే తిరగబోతున్నాడని, గట్టిగా ఊగితే తిరిగేశాడని అర్థం. మెడ వంచి, ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి బైకు నడిపేవాళ్ళు వేరే రకం. మొదట్లో మెడ పట్టేసిందేమోనని జాలిపడేవాణ్ణి. సిగ్నల్ దగ్గర ఎర్రదీపం ఆరకముందే వెనక నుంచి హారన్ మోగించేవాళ్ళు మరో రకం. తాము కొడితేనే దీపం మారుతుందని వాళ్ళ అనుభవం కాబోలు. ఇక అర కిలోమీటరు వెంటపడి, చెవులు చిల్లులు పడేలా హారన్ కొట్టి, నన్ను దాటుకుని, దాటిన పది గజాల్లో సోడా కొట్టు ముందు ఆగేవాళ్ళకు నేను పెట్టిన పేరు ఇక్కడ రాయను. మొత్తం పన్నెండు రకాలు.

డ్రైవర్ల రెస్టు రూములో నన్ను "రైటరు గారు" అనేవారు. పోలీస్ స్టేషన్‌లో కేసులు రాసే రైటరు ఉంటాడే, అలాగన్నమాట. నేను లోపలికి రాగానే ఎవరో ఒకరు, "రైటరు గారూ, ఇవాళ ఎన్ని కేసులు?" అని అడిగేవారు. నేను నిజంగానే లెక్క చెప్పేవాణ్ణి. వాళ్ళు ఎందుకు నవ్వేవారో నాకు అర్థమయ్యేది కాదు.

అలా ఉండగా మా డిపోకి కొత్త మేనేజరు గారు వచ్చారు. వయసులో మా పెద్దబ్బాయి అంత ఉంటారు. మర్యాదస్తుడు, చొక్కా నలగనివ్వరు, ప్రతి సంగతీ కాగితం మీద చూడాలంటారు. వచ్చిన పదిహేను రోజులకు నాకు మెమో ఇచ్చారు. ఎనిమిదీ పది ట్రిప్పు నిత్యం ఆలస్యంగా నడుస్తున్నందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి, లేనిపక్షంలో రూటు నుంచి తప్పించి షెడ్డు డ్యూటీకి మారుస్తాం అని అందులో ఉంది.

షెడ్డు డ్యూటీ అంటే ఏమిటో కొత్తవాళ్ళకు చెప్పాలి. ట్రిప్పు ముగించుకుని వచ్చిన బస్సును కడిగే చోటికి, అక్కణ్ణుంచి డీజిల్ పంపు దగ్గరికి, అక్కణ్ణుంచి వరసలోకి తోలడం. రోజంతా ఫస్టు గేరులోనే. వెనక సీట్లలో మనుషులు ఉండరు. ఆరోగ్యం చెడినవాళ్ళకు, కంటిచూపు తగ్గినవాళ్ళకు అది వరమే. నాకు చూపు బాగానే ఉంది. చివరి ఏడాదిన్నర ఆ గోడల మధ్య తిరుగుతూ గడపడమంటే, భోజనం మధ్యలో విస్తరి లాగేసినట్టే.

రెండు రోజులు సెలవు పెట్టి, డైరీలు ముందేసుకుని సంజాయిషీ రాశాను. పదకొండు పేజీలు వచ్చింది.

మేనేజరు గారు దాన్ని చేత్తో తూచినట్టు పట్టుకుని, "ఇదేమిటండీ?" అన్నారు.

"సంజాయిషీ అండి."

"పదకొండు పేజీలా?"

"క్లుప్తంగా రాశానండి. పూర్తి వివరాలు డైరీలో ఉన్నాయి."

ఆయన నాలుగైదు పేజీలు తిప్పారు. మూతి మీదికి వచ్చిన నవ్వును వేలితో అదిమారు. "బాగానే ఉంది గానీ, ఒక్కటి చెప్పండి. మీ ముందు బస్సూ వెనక బస్సూ ఇదే రోడ్డు మీద నడుస్తున్నాయి. వాళ్ళు మూడు నిమిషాలే లేటు. మీరెందుకండీ ఏడు?"

"వాళ్ళు రోడ్డును పట్టించుకోరండి" అన్నాను.

ఆయన కాగితాలు మడిచి పక్కన పెట్టారు. "సరే. గురువారం నేనే మీ బస్సులో వస్తాను. మీ డైరీ నా చేతికివ్వండి. మీరు రాసిన పన్నెండు రకాల్లో సగం నా కళ్ళతో చూస్తే ఈ మెమో చింపేస్తాను. చూడకపోతే శుక్రవారం నుంచి షెడ్డు. ఒప్పుకుంటారా?"

"సగం దేనికండీ, గొల్లపూడి చేరేలోపు పన్నెండూ చూపిస్తాను" అన్నాను. గదిలోంచి బయటికి వచ్చేటప్పుడు నా నడక మారిపోయిందని గుమాస్తా తరవాత చెప్పాడు.

మా బస్సు కండక్టరమ్మ నాకంటే పదిహేనేళ్ళు చిన్నది. నోరు పెద్దది. ఎనిమిదీ పది బస్సులో రోజూ ఎక్కేవాళ్ళలో ఎవరి పిల్ల ఏ కాలేజీలో చదువుతోందో, ఎవరి అత్తగారికి ఎప్పుడు ఆపరేషనో అన్నీ తెలుసు. నన్ను బాబాయి గారు అనేది. ఆమెతో, "గురువారం మేనేజరు గారు మన బస్సులో వస్తున్నారమ్మా. లేటు సంగతి చూస్తారట. తేడా వస్తే నన్ను షెడ్డులో పడేస్తారు" అని మాత్రం చెప్పాను. పందెం సంగతి చెప్పలేదు. చెబితే మైలవరం దాకా నవ్వుతూనే ఉంటుందని భయం. నా ఉద్యోగ జీవితంలో నేను దాచిన రహస్యం అదొక్కటే. అది కూడా దాచకుండా ఉండాల్సింది.

గురువారం ఎనిమిదీ పదికి బస్సు కదిలింది. మేనేజరు గారు ఎడమవైపు మొదటి సీట్లో, ఒళ్ళో నా డైరీ, చేతిలో ఎర్ర పెన్నుతో కూర్చున్నారు. రకాల పేర్లన్నీ రాసిన పేజీ తెరిచి పెట్టుకున్నారు. నాకు పెళ్ళికొడుకు బండి నడుపుతున్నంత హుషారుగా ఉంది. "సార్, ముందు ఒక్క నిమిషం వస్తుందండి, ఆ మలుపు తిరగ్గానే" అన్నాను.

మలుపు తిరిగాను. టిఫిన్ సెంటరు ముందు రోడ్డు ఖాళీగా ఉంది. తెల్ల కారు పక్క సందులో గోడకు ఆనించి పెట్టి ఉంది. పప్పుల వ్యాపారి గుమ్మంలో ప్లేటుతో నిలబడి, నన్ను చూసి ఇడ్లీ ముక్క ఉన్న చేత్తోనే నమస్కారం పెట్టాడు.

"ఆయనేనా?" అన్నారు మేనేజరు గారు.

"ఆయనేనండి. ఇవాళ ఒంట్లో బాగోలేదేమో."

తరవాత ఆటో స్టాండు. అక్కడ నా డైరీలో అందరికంటే ఎక్కువ చోటు సంపాదించుకున్న మనిషి ఉంటాడు. యాభై దాటిన వయసు, నెరిసిన గడ్డం, స్టాండులో అంతా భాయ్ అని పిలుస్తారు. కాలు ఇండికేటర్‌లో ఆయన్ని మించినవాడు లేడు. రోజూ నా బంపరుకు జానెడు దూరంలో తిరిగేవాడు. ఆ రోజు ఆయన ఆటో స్టాండులో గీత గీసినట్టు నిలిచి ఉంది. ఆయనేమో రోడ్డు మధ్యలో రెండు చేతులూ చాపి, అడ్డొచ్చే బైకులన్నిటినీ ఆపి, నాకు దారి చూపిస్తున్నాడు. తోపుడుబండి మనిషి బండిని కాలవ మీదికి ఎక్కించి పట్టుకున్నాడు. సరుకు దించుతున్న లారీ డ్రైవరు, మూటలు సగంలో ఉండగానే బండి పక్కకు తీసి, రమ్మని చెయ్యి ఊపాడు.

తొమ్మిదేళ్ళలో ఆ వీధిలో నేను సెకండు గేరు వెయ్యడం అదే మొదటిసారి.

సిగ్నల్ దగ్గర ఆగాం. ఇక్కడ తప్పదు అనుకున్నాను. పచ్చదీపం పడింది. కావాలనే కదల్లేదు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాను. వెనక పది బండ్లు ఉన్నాయి. ఒక్క హారన్ లేదు. అద్దంలో చూస్తే, రోజూ మెడ వంచి ఫోను మాట్లాడే కుర్రాడు ఫోను జేబులో పెట్టుకుని, హెల్మెట్ కూడా తొడుక్కుని, పెళ్ళి భోజనానికి పంక్తిలో కూర్చున్నవాడిలా ఓపిగ్గా చూస్తున్నాడు.

"పచ్చ పడిందండీ" అన్నారు మేనేజరు గారు.

ఎడమవైపు ఒక బైకు పట్టేంత ఖాళీ వదిలి నడిపాను, ఎవరైనా దూరతారేమోనని. ఎవరూ దూరలేదు. ఒకతను దూరబోయి, పక్కవాడు ఏదో అనగానే వెనక్కి తగ్గాడు.

"ఇవాళ ఏదన్నా పండగా అండీ?" అని అడిగారాయన.

అప్పుడు కండక్టరమ్మ టికెట్లు ముగించుకుని నా సీటు వెనకకు వచ్చి, చెవి దగ్గర గుసగుసగా అంది. "చూశారా బాబాయి గారూ, ఎలా సెట్ చేశానో. రెండు రోజుల్నుంచి అందరికీ చెప్పి పెట్టాను. మా బాబాయి గారి ఉద్యోగం మీ చేతుల్లో ఉంది, గురువారం ఒక్కపూట మనుషుల్లా నడపండి అన్నాను. భాయ్ అయితే స్టాండంతా పిలిచి మీటింగే పెట్టాడు."

"ఎంత పని చేశావమ్మా" అన్నాను.

"థాంక్స్ తరవాత చెబుదురు గాని, రోడ్డు చూడండి" అంది.

ఈ జన్మలో నన్ను అంత ప్రేమగా ముంచినవాళ్ళు లేరు. నేను దొంగలని తొమ్మిదేళ్ళ డైరీలు నింపిన మనుషులు, నా కోసం మహాత్ముల్లా నిలబడ్డారు. వాళ్ళు నిలబడిన ప్రతి చోటా నా డైరీ ఒక్కో పేజీ అబద్ధమవుతోంది.

భవానీపురం స్టాపు వచ్చింది. మామూలుగా పాతికమంది ఉండే చోట ఒక్కరూ లేరు. తరవాతి స్టాపులోనూ లేరు. మేనేజరు గారు వాచీ చూసుకుని, చార్టు చూసుకుని, మళ్ళీ వాచీ చూసుకున్నారు. "సరిగ్గా టైముకు ఉన్నాం. మరి జనం ఏరండీ?"

కండక్టరమ్మ ముఖం అప్పుడు మారింది. రోడ్డు మీది వాళ్ళందరికీ చెప్పింది గానీ, బస్సెక్కేవాళ్ళకు చెప్పడం మరిచిపోయింది. తొమ్మిదేళ్ళుగా ఆ బస్సును చార్టు టైముకు చూసినవాళ్ళు లేరు. ఏడు నిమిషాల ఆలస్యాన్ని లెక్కలోకి తీసుకుని పొయ్యి వెలిగించుకునేవాళ్ళు, తల దువ్వుకునేవాళ్ళు. అందరూ ఇంకా ఇళ్ళలోనే ఉన్నారు.

గొల్లపూడిలో ఒకే ఒక్కాయన ఉన్నాడు. తలుపు దగ్గర ఆగి, "ఇది ముందు బస్సా అండీ, ఆగిపోయి ఇప్పుడొచ్చిందా?" అని అడిగి, ఎనిమిదీ పది బస్సే అంటే నమ్మక ఎక్కలేదు.

మేనేజరు గారు ఎర్ర పెన్నుకు మూత పెట్టారు. ఒక్క టిక్కు కూడా లేదు. డైరీ మూసి, జాలిగా అన్నారు. "చూశారా అండీ, నడపొచ్చు. చార్టు తప్పు కాదు, రోడ్డు తప్పూ కాదు. ఏమీ అనుకోకండి. రేపు షెడ్డులో రిపోర్టు చెయ్యండి."

నేను చెప్పాల్సిన పదకొండు పేజీలూ అప్పటికే అయిపోయాయి. స్టీరింగు పట్టుకుని ముందుకు చూస్తూ హైవే ఎక్కాను. కండక్టరమ్మకు పందెం సంగతి అప్పుడు చెప్పాను. "చెప్పొద్దా బాబాయి గారూ ముందే" అని తల పట్టుకుంది.

రెండు కిలోమీటర్లు వెళ్ళామో లేదో, వెనక నుంచి మోత మొదలైంది. ఒక హారన్ కాదు, ఆరేడు. అద్దంలో చూశాను. నాలుగు ఆటోలు, పట్టపగలు హెడ్‌లైట్లు వెలిగించుకుని, రోడ్డంతా వాళ్ళదే అన్నట్టు అడ్డంగా వస్తున్నాయి. ముందున్నది భాయ్ ఆటో. దాని వెనక సీట్లోంచి ఒక గొడుగు, ఒక లంచ్ బాక్సు బయటికి ఊగుతున్నాయి. ఆ ఆటోల మధ్యలోంచి తెల్ల కారు నాలుగు ఇండికేటర్లూ వెలిగించుకుని దూసుకొచ్చింది.

భాయ్ ఎడమవైపు నుంచి దాటాడు. దాటుతూనే కాలు బయట పెట్టి గట్టిగా ఊపాడు. ఊపిన పది గజాల్లో నా ముందు అడ్డంగా ఆపాడు. బ్రేకు తొక్కి, బస్సును రోడ్డు పక్క మట్టిలోకి దించి ఆపాను. రెండో ఆటో రాంగ్ సైడులో వచ్చి ఎదురుగా నిలబడింది. మూడోది, నాలుగోది రెండూ తలుపుకు అడ్డంగా. మెడ వంచిన కుర్రాడు బైకు మీద, వెనక ఒక నర్సమ్మను ఎక్కించుకుని, ఫోను భుజానికి నొక్కిపెట్టి, "ఆ, పట్టేశాం, పట్టేశాం" అని ఎవరికో చెబుతూ వచ్చాడు. తెల్ల కారు రోడ్డు మధ్యలో ఆగింది. పప్పుల వ్యాపారి తల బయట పెట్టి వెనక బండ్లతో, "ఒక్క నిమిషమండీ" అన్నాడు.

మేనేజరు గారు పెన్ను మూత మళ్ళీ తీశారు.

ఆటోల్లోంచి నా ప్రయాణికులంతా దిగారు. మొదట కొండపల్లి స్కూలు హెడ్‌మిస్ట్రెస్ గారు. "ఏమండీ, రోజూ లేటుగా వచ్చే మనిషి ఒక్కసారిగా ఇలా మారిపోతే మేమేమైపోవాలి?" అని నన్ను నిలదీశారు. ఆవిడ వెనక మిగిలినవాళ్ళు ఎక్కుతూ తలా ఒక మాట అని, సీట్లలో కూర్చున్నారు.

మేనేజరు గారు కిందికి దిగి, డైరీ పట్టుకుని భాయ్ దగ్గరికి వెళ్ళారు. నేనూ దిగాను. "ఎడమ నుంచి దాటారు" అన్నారాయన.

"అవునండీ."

"కాలు బయట పెట్టారు."

"ఇండికేటర్ బల్బు పోయిందండీ."

"ఎప్పుడు?"

"రెండేళ్ళవుతుందండీ."

"బస్సుకు అడ్డం ఆపారు. రోజూ ఇంతేనా?"

"లేదు సార్. ఇవాళ పొద్దున్నుంచీ బుద్ధిగానే ఉన్నాం. ఇప్పుడే చెడిపోయాం" అన్నాడు భాయ్, గుండె మీద చెయ్యి వేసుకుని. "బస్సు ఖాళీగా పోయింది, అందరూ స్టాపులో నిలబడి చూస్తున్నారు. మేడమ్ గారికి స్కూల్లో ఇన్‌స్పెక్షనంట. ఏం చెయ్యమంటారు మరి?"

మేనేజరు గారు టిక్కులు పెట్టుకుంటూనే డైరీ తిప్పి చూపించారు. "మీ బండి నంబరు మీద ఇందులో నాలుగు పేజీలు ఉన్నాయి తెలుసా?"

భాయ్ నా వైపు చూశాడు. కోపగించుకుంటాడనుకున్నాను. "నాలుగు పేజీలా? పక్క స్టాండువాళ్ళకి ఎన్నండీ?" అన్నాడు.

"రెండున్నర" అన్నాను.

వెనక ఉన్న ఆటోలవాళ్ళు ఈల వేశారు. ఆయన గడ్డం సవరించుకున్నాడు. ఆ తరవాత మేనేజరు గారి వైపు తిరిగి, మెల్లగా అన్నాడు. "మరి ఈయన సంగతి ఎవరు రాస్తారు సార్?"

"ఈయన ఏం చేస్తారు?"

"అదే, ఈ రాతే. ఎవడన్నా కట్ కొట్టాడంటే చాలు, బస్సు ఉన్నచోటే ఆపేస్తాడు. హ్యాండ్ బ్రేకు లాగుతాడు. కళ్ళజోడు తీసి తుడుస్తాడు. పెన్ను మూత తీస్తాడు. వాచీ చూస్తాడు. నడి వన్‌టౌన్‌లో రోడ్డు మొత్తం ఆగిపోద్ది సార్. వెనకాల మేం హారన్ కొడతామా, మళ్ళీ మమ్మల్ని రాస్తాడు. అద్దంలో చూసి మరీ రాస్తాడు."

మేనేజరు గారు నెమ్మదిగా నా వైపు తిరిగారు. "నిజమేనా అండీ?"

"కదిలే బండిలో రాయడం ప్రమాదం కదండీ" అన్నాను.

ఆయన నన్ను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, డైరీ చేతికిచ్చి, తన ఫోను బయటికి తీశారు. "ఇప్పుడు ఈ ఆటో సంగతి రాయండి. రోజూ ఎలా రాస్తారో అలాగే."

రాశాను. కళ్ళజోడు తుడిచాను, మూత తీశాను, తేదీ, సమయం, చోటు, నంబరు, రకం, ఒక వాక్యంలో వివరం. బస్సంతా మెడలు చాచి చూసింది. వాక్యం చివర చుక్క పెడుతుండగా వెనక నుంచి బూడిద మోసే లారీ ఒకటి, తెల్ల కారు అడ్డు తీయమని గట్టిగా హారన్ కొట్టింది. నా కళ్ళు వాటంతటవే అద్దంలోకి వెళ్ళాయి. దాని నంబరు కింది వరసలో రాయడం మొదలుపెట్టాను.

మొదట నవ్వింది హెడ్‌మిస్ట్రెస్ గారు. ఆవిడ తరవాత ఎవరు నవ్వారో, ఎవరు నవ్వలేదో చెప్పలేను. నర్సమ్మ సీటు కమ్మీ పట్టుకుని కూలబడింది. భాయ్ కింద నిలబడి తొడ మీద కొట్టుకుంటున్నాడు. కండక్టరమ్మ టికెట్ మిషను పట్టుకున్న చేత్తోనే కళ్ళు తుడుచుకుంది. నేను మాత్రం లారీ నంబరు పూర్తి చేసి, మూత పెట్టి, అప్పుడు చూశాను. ఏం జరిగిందో అప్పుడు అర్థమైంది. నేను కూడా స్టీరింగు మీద తల పెట్టుకుని నవ్వాను. తగిలినట్టుంది, హారన్ మోగింది. దానికి ఇంకోసారి నవ్వారు.

"రెండిటికీ కలిపి యాభై ఆరు సెకన్లు" అన్నారు మేనేజరు గారు, తన నవ్వు ఆగాక. బస్సు కదిలాక డైరీలోని రోజులన్నీ తిప్పి, వన్‌టౌన్‌లో రోజుకు ఎనిమిదీ తొమ్మిదీ చొప్పున కేసులు ఉన్నాయని చూసుకుని, అట్ట వెనక లెక్క వేశారు. కొండపల్లి దాటాక లెక్క నాకు చూపించారు. నా ఏడు నిమిషాల్లో నాలుగు, ఆలస్యానికి కారణాలు రాయడానికే పోతున్నాయి. మిగిలిన మూడే రోడ్డువి.

తొమ్మిదేళ్ళు కారణాల కోసం అద్దాల్లో వెతికాను. అసలు కారణం నా ఒళ్ళోనే ఉండింది. పిల్లలూ, ఇంత పద్ధతిగా తప్పు చెయ్యడం అందరికీ సాధ్యం కాదు. దానికి మంచి పెన్ను, ఓపిక, తన మీద తనకు తిరుగులేని నమ్మకం ఉండాలి.

మైలవరం బస్టాండులో మేనేజరు గారు నా ఎదురుగానే మెమో చింపారు. టిక్కులు తొమ్మిది వచ్చాయి, ఆయన మాట తప్పే మనిషి కాదు. అయితే డైరీ మాత్రం నాకివ్వలేదు. కండక్టరమ్మ చేతికిచ్చి, "ట్రిప్పు అయ్యేదాకా ఇది మీ దగ్గర ఉండాలమ్మా. దిగాక ఎంతసేపన్నా రాసుకోనివ్వండి" అన్నారు. ఆమె దాన్ని టికెట్ బ్యాగులో పెట్టి జిప్పు వేసింది. ఎప్పుడైనా నా చెయ్యి ఒళ్ళోకి వెళితే, వెనక నుంచి "బాబాయి గారూ, గేరు అటు కాదు, ఇటు" అనేది.

శుక్రవారం తెల్ల కారు యథాస్థానంలో ఉంది. భాయ్ కాలు ఊపుతూ నా ముందు నుంచి తిరుగుతూ, "ఐదో పేజీ రాసుకోండి గురువుగారూ" అని అరిచాడు. నేను రాయలేదు. బండి పోనిచ్చాను. చేతికి దురదగా ఉంది గానీ, గొల్లపూడి మూడు నిమిషాల ఆలస్యంతో చేరాను. శనివారమూ అంతే. ఆ తరవాత వారమంతా అంతే.

పదో రోజున మేనేజరు గారు మళ్ళీ పిలిపించారు. బల్ల మీద ఒక ఫిర్యాదు ఉంది. కింద పద్నాలుగు సంతకాలు, మొట్టమొదటిది హెడ్‌మిస్ట్రెస్ గారిది. ఎనిమిదీ పది బస్సు ఎటువంటి ముందస్తు సమాచారం లేకుండా నాలుగు నిమిషాలు ముందుగా వస్తోందని, నిత్యం ఆధారపడే ప్రయాణికులు ఇబ్బంది పడుతున్నారని, డ్రైవరుపై తగు చర్య తీసుకోవలసిందిగా ప్రార్థన అని అందులో ఉంది.

"రూలు ప్రకారం మిమ్మల్ని సంజాయిషీ అడగాలి" అన్నారాయన, ముఖం ఎంత గంభీరంగా పెట్టుకోవాలో అంతా పెట్టుకుని. తెల్ల కాగితం ఒకటి నా వైపు జరిపి, "ఒకే పేజీ ఇస్తాను. రెండోది అడక్కండి" అన్నారు.

నిలబడే రాశాను. "ఫిర్యాదులో చెప్పినది వాస్తవమే. ఇంకా మూడు నిమిషాల ఆలస్యం మిగిలి ఉందని, అవి నావి కావని మనవి."